పల్లం వైపు

ఇన్‌స్పెక్టర్ నోరంతా తెరిచి ఆవులించాడు. డిపార్ట్‌మెంటులో ఆయనకి 'ఆవులింత' అనే పేరుంది. మొహం మీద ఎవరూ అనరు గానీ ఆయనకి తెలుసు. నిందితులు తేలిగ్గా తీసుకోవాలని ఆయన వేసే ఎత్తు అది అని కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళు చెప్పుకుంటారు. ఎత్తూ లేదు, పాడూ లేదు. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. అంతే.

"రాయమ్మా. నిన్న సాయంత్రం ఏం జరిగిందో మొదటి నుంచీ రాయి" అంటూ కాగితం, పెన్ను బల్ల మీదుగా జరిపాడు.

ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ చేతికి బేడీ, దాని రెండో కొస కుర్చీకి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఆమె పెన్ను అందుకుంది. కానీ రాయడం మొదలుపెట్టలేదు. మెడలోని గుర్తింపు కార్డు తాడు పైకి తీసి, దాంతో పెన్నుకో ఉచ్చు వేసి, రెండో కొస మణికట్టుకి చుట్టి, పంటితో లాగి బిగించింది. ఆ తర్వాతే కాగితం వైపు చూసింది.

ఇన్‌స్పెక్టర్ ఆవులింత సగంలో ఆగింది.

"ఏంటమ్మా అది?"

ఆమె తన చెయ్యి తానే అప్పుడు చూసుకుంది. "అలవాటు సార్. పైన ఏదైనా చెయ్యి జారితే ఇంక దొరకదు. అందుకని మా పనివాళ్ళం కిందున్నప్పుడు కూడా వస్తువు కట్టుకోకుండా పట్టుకోం. ఇంట్లో గరిటెకి కూడా తాడు కట్టావేంటని మా ఆయన ఒకటే గోల."

"అందుకేనా నిన్నందరూ ముడి అంటారు?"

"మాస్టారు పెట్టిన పేరు" అంది.

ఆ మాస్టారే ఉదయం యంత్రాల్ని పరీక్షించే హాల్లో తల పగిలి శవమై కనిపించాడు. పక్కన రక్తం అంటిన పానా. ఆ పానా ముడిది. దాని మీద వేలిముద్రలూ ముడివే. ముందురోజు సాయంత్రం ఆమె మాస్టారి మీద గట్టిగా అరవడం వరండాలో నలుగురు విన్నారు. ఇంతకంటే తేలికైన కేసు ఇన్‌స్పెక్టర్ సర్వీసులో తగల్లేదు. అందుకే ఆయనకి నచ్చలేదు.

పైగా ఇది మామూలు చోటు కాదు. అంతరిక్ష సంస్థ, రక్షణ సంస్థ కలిసి నడిపే కేంద్రం. రెండూ ప్రభుత్వానివే అయినా ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్ళ వరస. వాళ్ళ ఉమ్మడి పని ఒకటే. రాకెట్లో పట్టనంత పెద్ద కట్టడాన్ని ముక్కలు ముక్కలుగా పైకి పంపి, ఆకాశంలోనే కూర్చడం. ముక్కల్ని పట్టుకుని చేరవేసే యంత్రపు చెయ్యి అంతరిక్ష సంస్థది. రెండు ముక్కల్ని కలిపి పట్టి ఉంచే కొక్కెం రక్షణ సంస్థది. ముక్కలు ఇప్పటికే పైకి వెళ్ళాయి. కూర్చేవాళ్ళూ వెళ్ళారు. మొదటి రెండు ముక్కలు కలపడం రేపు.

శవం ఎవరి గడపలో పడిందో తేలక పొద్దున రెండు సంస్థలూ గంటసేపు వాదులాడుకున్నాయి. చివరికి పోలీసులకి ఇవాళ సాయంత్రం ఆరింటిదాకా గడువిచ్చారు. ఆరు కొట్టగానే ముడిని రక్షణ సంస్థ సెక్యూరిటీకి అప్పగించాలి. ఆ తర్వాత ఆమెకి లాయరుండడు, కోర్టుండదు, గేటు బయట పొద్దుట్నుంచీ నిలబడ్డ మొగుడికి ఆమె మొహమైనా కనిపించదు.

ఇప్పుడు నాలుగు దాటింది.

"గొడవ దేనికి?"

"మాస్టారు సంతకం పెట్టనన్నారు సార్. ఆయన సంతకం లేనిదే పైన ముక్కలు కలపడానికి లేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి కదా, ఇంకేం కావాలి అన్నాను. 'ఏ వైపు పాసయ్యాయి?' అన్నారు. నాకర్థం కాలేదు. పైన పిల్లలు సూట్లు వేసుకుని ఎదురుచూస్తుంటే ఇప్పుడీ పొడుపు కథలేంటని అరిచాను. రేపు చూపిస్తాలే, పో అన్నారు. వెళ్ళిపోయాను." ఆమె తల దించుకుంది. "ఆయనతో చివరి మాట అదే సార్. అరుపు."

"పైనున్న పిల్లలకి పని నేర్పింది నువ్వా?"

"నాకు మాస్టారు నేర్పారు, వాళ్ళకి నేను నేర్పాను. మాస్టారిది ఒకటే పట్టు సార్. ముక్క కలిపాక నీ నడుం తాడు పాతదాని నుంచి విప్పి, అప్పుడే కలిపిన ముక్కకి కట్టుకోవాలి. నీ ప్రాణం దానికే కట్టాలని తెలిస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కలుపుతావు అనేవారు."

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. మడత నలగని యూనిఫారం, అద్దంలా మెరిసే బూట్లు. రక్షణ సంస్థ సెక్యూరిటీ చీఫ్. ఇన్‌స్పెక్టర్‌కి స్వయానా బావమరిది. భార్య తమ్ముడు.

"ఏం బావా, ఇంకా కథలు వింటున్నావా? ఆరింటికి బండి సిద్ధంగా ఉంటుంది."

"నువ్వెప్పుడూ అంతేరా. నా పెళ్ళిలో కూడా ముహూర్తానికి ముందే తొందరపెట్టావు."

"ఆ తొందర వల్లే మా అక్క నీకు దక్కింది. లేకపోతే నువ్వు పీటల మీదే నిద్రపోయేవాడివి."

ముడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్‌స్పెక్టర్ కళ్ళు నులుముకున్నాడు. పొద్దుట్నుంచీ భార్య మూడుసార్లు ఫోన్ చేసింది. మా తమ్ముడితో పెట్టుకోకండి అని ఒకసారి, వాడి మాట వినకండి అని ఒకసారి, అన్నం తిన్నారా అని ఒకసారి.

"నీకెందుకురా ఇంత ఆత్రం?"

చీఫ్ ఫోన్ తీసి ఎదురుగా పెట్టాడు. తెరమీద తెల్లటి సూటులో, హెల్మెట్ చంకన పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడు. "నీ మేనల్లుడు పైనున్నాడు. గుర్తుందా? మూడేళ్ళు దీని కోసం చెమటోడ్చాడు. రేపు మొదటి ముక్క కలిపేది వాడే. కేసు ఇవాళ మూసుకోకపోతే విచారణ, కమిటీ అంటూ అంతా ఆగిపోతుంది. వాడు ఉత్త చేతులతో దిగాలి. ఇది మాస్టారి మీద కోపంతో కొట్టింది, చచ్చాడు. అయిపోయింది. నీకు ఇంకేం కావాలి?"

"హాలు చూడాలి. ఈ అమ్మాయిని కూడా తీసుకొస్తాను."

"నిందితురాలినా? నేరం జరిగిన చోటికా?"

"ఆరింటిదాకా ఆమె నా మనిషి. ఆరు దాటాక నీ ఇష్టం."

చీఫ్ పళ్ళు కొరికాడు. కానీ దారిచ్చాడు.

*

హాలు గుమ్మం దగ్గర ముగ్గురూ బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకున్నారు. కుర్చీ నుంచి విప్పిన బేడీ ముడి ఎడమ చేతికే వేలాడుతోంది. లోపల నేలంతా నల్లరాతి పలకలు, మొహం కనిపించేంత నునుపు. మధ్యలో రెండు ఇనప బండ్లు. ఒక్కోదాని మీద పైకి పంపిన ముక్కకి నమూనా ఒకటి, దాని చివర కొక్కెం.

ఇన్‌స్పెక్టర్ వాటి వైపు పోలేదు. తిన్నగా గోడనున్న పనిముట్ల బోర్డు దగ్గరికి నడిచాడు. పనివాళ్ళ పానాలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ ఒక తాడు. తాడుకి ఒక కొసన పానాని పట్టే క్లిప్పు, రెండో కొసన బోర్డు మేకుకి తగిలించే రింగు. ఒక్క చోట మాత్రం పానా లేదు. తాడు మేకునే ఉంది. క్లిప్పు నోరు తెరుచుకుని ఖాళీగా వేలాడుతోంది.

"ఇది నీదేనా?"

ముడి తలూపింది. అంతలోనే దగ్గరికొచ్చి కళ్ళు చిట్లించి చూసింది. "ఇదేంటి, తాడు ఇక్కడే ఉందేంటి?"

"పక్క పానా ఒకటి తీసి చూపించు."

ఆమె చెయ్యి ఆలోచించలేదు. ముందు మేకు నుంచి రింగు తప్పించి మణికట్టుకి వేసుకుంది. తర్వాతే పానా తీసింది. పానా, తాడు, చెయ్యి మూడూ కలిసి వచ్చాయి.

"ఒరేయ్, ఇప్పుడు నువ్వు తీయి."

"నాకేం పని?"

"తీయరా. మీ అక్కకి చెప్పనులే."

చీఫ్ విసురుగా ఒక పానా పట్టి లాగాడు. తాడు బిగుసుకుని ఆపింది. ఇంకోసారి లాగాడు. రాలేదు. విసుక్కుని బొటనవేలితో క్లిప్పు నొక్కాడు. పానా ఊడి చేతికొచ్చింది. తాడు మేకునే మిగిలింది. నోరు తెరిచిన క్లిప్పు, పక్కనే ఉన్న ముడి క్లిప్పులాగే ఊగింది.

చీఫ్ చేతిలో పానా వైపు, బోర్డు వైపు చూశాడు. అతని మొహంలో రంగు కొద్దిగా మారింది.

"అయితే నేనే చంపానంటావా?"

"నిన్ను అనుమానించే ఓపిక నాకు లేదు. ఇంటికెళ్ళి అన్నం తినాలి నేను." ఇన్‌స్పెక్టర్ బోర్డుకి ఆనుకుని నిలబడ్డాడు. "గరిటెకి తాడు కట్టుకునే మనిషి కోపంలో అయినా పానాని తాడుతో సహానే తీస్తుంది. చేతికి తెలిసిన పని తలకి తెలియకుండానే జరుగుతుంది. ఈ పానా తీసినవాడు ఈ పనివాడు కాదు. ఏది చేతికందితే అది లాక్కున్నాడు. అది ముడిది కావడం వాడి అదృష్టం. వేలిముద్రలు ముందే ఉన్నాయి. వాడి చేతికి గుడ్డో, గ్లౌజో ఉండి ఉంటుంది."

"తాడు చూపించి కోర్టులో నిలబెడతావా? జడ్జి నవ్వుతాడు బావా."

"నవ్వనీ. ముందు నువ్వు నవ్వడం ఆపావుగా."

నేల మీద మాస్టారు పడిన చోట సుద్దతో గీత గీసి ఉంది. హాలు ఈ కొసన, గోడ వారగా. పరీక్షల కెమెరాలన్నీ అవతలి మూల వైపు తిరిగి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ గీత దగ్గర చతికిలబడ్డాడు. నడుము కలుక్కుమంది.

"పరీక్షలన్నీ ఆ మూల జరిగితే మాస్టారికి ఈ గోడ దగ్గరేం పని?"

వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

పైనున్న అద్దాల గది నుంచి జాయింట్ డైరెక్టర్ మెట్లు దిగి వస్తున్నాడు. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో ఫోను. మనిషి రక్షణ సంస్థవాడు, కుర్చీ మాత్రం రెండు సంస్థల మీదా ఉంటుంది. మాస్టారు లేకపోతే ఆయన బదులు సంతకం పెట్టే అధికారం ఈయనదే.

"ఈ అమ్మాయిని ఇక్కడికి ఎవరు తెచ్చారు? చీఫ్, మీరైనా చెప్పాలి కదా?"

"చెప్పాను సార్. మా బావకి చెవుడు."

"ఒక్క పరీక్ష చూసి పోతాం సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ లేవకుండానే. "చదువుకున్నవాళ్ళ మధ్య ఊరికే నిలబడితే బావుండదు. అమ్మా, ఈ బండి ఎలా నడుస్తుందో చూపించు."

డైరెక్టర్ కాదనేలోపు ముడి గోడ మీద మీట నొక్కింది. బుస్సుమని గాలి శబ్దం. బండి అడుగునున్న గుండ్రటి దిమ్మల కింద నుంచి గాలి చిమ్మి, అంత బరువు బండి వెంట్రుకవాసి పైకి తేలింది. ముడి ఒక్క వేలితో తాకితే పక్కకి జరిగింది. వేలు తీసేసింది.

బండి ఆగలేదు. ఎవరూ ముట్టుకోకుండానే, పిల్లి నడిచినట్టు, అవతలి మూల వైపు పోవడం మొదలెట్టింది.

"ఇదేంటి, దీనికి దయ్యం పట్టిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పల్లం సార్. ఎంత చదును చేసినా నేల ఎక్కడో ఒక చోట రవ్వంత వాలుతుంది. గాలి వదిలితే ఏ బండైనా చివరికి ఆ మూలకే చేరుతుంది. దాన్ని మేం బావి అంటాం." చెబుతూ చెబుతూ ముడి ఆగిపోయింది. ఆమె చూపు బావి నుంచి సుద్ద గీతకి, గీత నుంచి బావికి తిరిగింది. "ఏ వైపు పాసయ్యాయి..." అని తనలో తాను గొణుక్కుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "కొక్కెం పరీక్షలన్నీ పల్లం వైపే చేశారా?"

"అన్నీ."

"అలా చేయమన్నదెవరు?"

"నేనే" అన్నాడు డైరెక్టర్. "కెమెరాలకి వెలుగు అటైతే బావుంటుంది. ఇందులో రహస్యమేం లేదు."

"ఎదురు వైపు ఒక్కసారి చూద్దామా? బావి నుంచి ఈ గోడ వైపు?"

డైరెక్టర్ విసుగ్గా చెయ్యి విదిల్చాడు. "ఎటు నుంచి తోసినా ఒకటే ఇన్‌స్పెక్టర్ గారూ. కొక్కెం కలవగానే పచ్చ లైటు వస్తుంది. నిన్న కూడా వచ్చింది కదా! ఇంక ఈ సాగదీత దేనికి? నాకు కంట్రోల్ రూంలో పనుంది. చీఫ్, ఆరింటికి ఈమె మీ బండిలో ఉండాలి." గుమ్మం దాకా చరచరా నడిచి, తొడుగులు అక్కడే విదిలించి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకునేదాకా ఇన్‌స్పెక్టర్ ఆవులిస్తూనే ఉన్నాడు. తలుపు మూసుకున్నాక నోరు మూశాడు.

ముడి మెల్లగా అంది. "సార్, మేం ఎదురు వైపు ఎప్పుడూ చేయలేదు. ఒక్కసారి కూడా. నిన్న ఎవరు చేశారు?"

"మాస్టారు చేశారమ్మా. మీరంతా వెళ్ళాక, ఒంటరిగా. అందుకే ఈ గోడ దగ్గర పడ్డారు. అప్పుడు పక్కన నిలబడి ఆ పచ్చ లైటు చూసినవాడు ఎవడో, వాడే ఇప్పుడు బయటికి నడిచి వెళ్ళాడు."

చీఫ్ తలుపు వైపు ఒక్క అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడికి పోతాడు? గేటు దగ్గర నా మనుషులున్నారు. నోటిమాట ఒక్కటి చాలదు. ముందు వాడెందుకు చంపాడో చూద్దాం. కానియ్ అమ్మా, ఎదురు తోయి."

ఆ నిమిషం ఆయన నడుం కూడా ఆగమనే అంది. పరుగెత్తే ఓపిక లేదు. తర్వాత చాలాకాలం ఆయన్ని నిద్ర పోనివ్వనిది ఆ ఒక్క బద్ధకమే.

చీఫ్ గొణుగుతూనే ఆమె బేడీ తాళం తీశాడు. ముడి ఒక బండిని గోడ పక్కన నిలిపి, రెండోదాన్ని బావి దాకా తీసుకెళ్ళింది. అక్కడి నుంచి ఎగువకి తోసింది. బండి తేలుతూ వచ్చింది. దాని కొక్కెంలోని నాలుక రెండోదాని నోట్లోకి సూటిగా దూరింది. టక్కుమంది. పచ్చ లైటు వెలిగింది.

"వచ్చిందిగా లైటు!" అన్నాడు చీఫ్. ఊపిరి వదిలాడు.

ముడి మోకాళ్ళ మీద కూర్చుని ఆ అతుకునే చూస్తోంది. అతుకులో నాలుగు పళ్ళు కిందికి దిగి నాలుకని కరిచి పట్టాలి. నాలుగూ పైనే ఉన్నాయి. చూస్తుండగానే నాలుక ఒక వెంట్రుకంత వెనక్కి వచ్చింది. తర్వాత వేలెడు. తర్వాత జానెడు. పచ్చ లైటు అలాగే వెలుగుతూ ఉండగా రెండు ముక్కలూ ఏ చప్పుడూ లేకుండా విడిపోయి, రెండో బండి తన దారిన తాను బావి వైపు వెళ్ళిపోయింది.

"మరి ఆ లైటేంటి?" చీఫ్ గొంతు పెద్దదైంది.

"ఒకసారి ముట్టుకుంటే వెలుగుతుంది సార్. అది పట్టుకున్నట్టు కాదు." ముడి బావి వైపు చెయ్యి చూపించింది. "పల్లం వైపు చేసినప్పుడు నేల వాలు బండిని వెనకనుంచి ఒత్తి పట్టేది. ఆ ఒత్తిడికి పళ్ళు దిగడానికి టైముండేది. అందుకే ప్రతిసారీ పాసైంది. మాస్టారు అడిగింది ఇదే. నేను ఆయన మీద అరిచాను."

"పైన వాలు ఎటుంటుంది?"

"పైన వాలుండదు సార్."

చీఫ్ చేతిలో ఇంకా ఆ పానా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మా వాడు..." అన్నాడు. "పచ్చ లైటు చూసి, వాడు తాడు దేనికి కట్టుకుంటాడు?"

ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. "కొత్తగా కలిపిన ముక్కకి. ఈ అమ్మాయి అలాగే నేర్పింది."

"రేపు కదా! రేపటిదాకా టైముంది. ఆపిస్తాను, ఇప్పుడే ఆపిస్తాను." చీఫ్ పానా ముడి చేతిలో పెట్టి, కంట్రోల్ రూంకి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు. "సెక్యూరిటీ చీఫ్‌ని. రేపటి పని ఆపాలి. వెంటనే."

అవతల కుర్ర ఆపరేటర్ తికమకపడ్డాడు. "రేపటిదేంటి సార్? మధ్యాహ్నమే ఇవాల్టికి జరిపారు కదా! డైరెక్టర్ గారు మాస్టారి బదులు సంతకం చేశారు. మీ వైపు వాళ్ళకి ఆయనే చెబుతానన్నారే, చెప్పలేదా? మీ అబ్బాయి నౌకలోంచి బయటికొచ్చి చాలాసేపైంది."

*

ఆవరణ దాటి అవతలి భవనం. ముగ్గురూ పరుగెత్తారు. గుడ్డ తొడుగులు కాళ్ళకే ఉండిపోయాయి, సిమెంటు మీద జారుతూ. ఇన్‌స్పెక్టర్ అందరికంటే వెనక, పక్కటెముకలు పట్టుకుని. గుమ్మం దగ్గర గార్డు ముడిని చూసి అడ్డం రాబోయాడు. చీఫ్ అతన్ని తోసిన తోపుకి గోడకి కొట్టుకున్నాడు.

కంట్రోల్ రూంలో పెద్ద తెర మీద నల్లటి ఆకాశం. అందులో యంత్రపు చెయ్యి పట్టుకుని ఉన్న పొడవాటి ముక్క, దాని చివర తెల్లటి చిన్న బొమ్మలా మనిషి. తెర ముందు డైరెక్టర్. వెనక్కి తిరిగి చూసి, పరిగెత్తే ప్రయత్నమేం చేయలేదు. ఆయన మొహంలో భయం కంటే అలసటే ఎక్కువుంది.

"చూడండి" అన్నాడు తెర వైపు చెయ్యి చాపి. "పచ్చ లైటు. కలిసింది. నేను చెప్పలేదా? మాస్టారికి చెబితే వినలేదు. నేల వాలంట! పైన అబ్బాయి చేత్తో అదిమి పట్టుకుంటాడు, పళ్ళు దిగుతాయి అని ఎంత చెప్పినా వినలేదు. ఫోన్ తీశాడు. రెండు సంస్థలూ మళ్ళీ విడిపోయేవి. ఇన్నేళ్ళ పని ఒక్క ఫోనుతో... నేను ఆపమనే అన్నాను. ఆపలేదు."

"పళ్ళు దిగాయో లేదో చూశారా సార్?" అంది ముడి.

డైరెక్టర్ మళ్ళీ తెర వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "రండి సార్. మీరు నిన్నటి పచ్చ లైటు గురించి చెప్పారు కదా, అది కూర్చుని మళ్ళీ చెబుదురుగాని." కానీ ఆయన కళ్ళు తెర మీదే ఉన్నాయి. గోడ గడియారం ఆరుకి దగ్గర పడుతోంది. దాని వంక ఎవరూ చూడలేదు.

చీఫ్ ఆపరేటర్ ముందున్న మైకు లాక్కున్నాడు. "ఒరేయ్ చిన్నోడా! నాన్నని రా! వదిలెయ్, ఆ ముక్కని వదిలెయ్!"

స్పీకర్‌లో గరగర. కుర్రాడి గొంతు దూరంగా, నవ్వుతూ. "నాన్నా? నువ్వేంటి ఈ లైన్లో? పనిలో ఉన్నా, తర్వాత మాట్లాడతా."

"సార్, పనిలో ఉన్నప్పుడు వాళ్ళు బయటివాళ్ళ మాట వినరు" అన్నాడు ఆపరేటర్. "శిక్షణ అలాంటిది."

చీఫ్ మైకు పట్టుకుని ముడి వైపు తిరిగాడు. పొద్దున ఆమె చేతికి బేడీ వేసింది ఈ మనిషే. ఇప్పుడతనికి ఏమని పిలవాలో తెలియలేదు.

"అమ్మా..." అన్నాడు. "నువ్వు చెప్పు. నీ మాట వింటాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ముడి మైకు అందుకుంది. అప్పుడు కూడా ఆమె చెయ్యి అలవాటు మానలేదు. వైరుని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంది. ఊపిరి తీసుకుని, తరగతిలో పాఠం చెప్పినంత నెమ్మదిగా మాట్లాడింది.

"బాబూ, ముడి అక్కని. కదలకు. చేతిలో పని ఉన్నది ఉన్నట్టు ఆపు. నీ నడుం తాడు ఇప్పుడు దేనికుంది?"

గరగర. ఆమె గొంతు విని కుర్రాడి గొంతు వెలిగిపోయింది.

"అక్కా! నువ్వున్నావా? నిన్నెవరో లోపల వేశారన్నారు, నేను నమ్మలేదు. చూశావా, పచ్చ లైటు వచ్చేసింది! నువ్వు చెప్పినట్టే చేశా. పాతదాని నుంచి విప్పేసి, కొత్త ముక్కకి ఇప్పుడే కట్టుకున్నా."

అతని మాట పూర్తికాకుండానే తెర మీద యంత్రపు చెయ్యి, లైటు వెలిగాక వదలమని తనకిచ్చిన ఆజ్ఞ ప్రకారం, ఆ ముక్క మీద పట్టు సడలించి మెల్లగా వేళ్ళు విప్పింది.